తోట సంపు మట్టం చూపే తక్కువ కరెంటు తెర: ఈ-పేపరా, మెమరీ ఎల్‌సీడీనా?

బత్తాయి_బాట, తిప్పర్తి

అందరికి నమస్తే. తోట కాడ సంపుల నీళ్లు ఎంత ఉన్నయో, మోటరు నడుస్తున్నదో బంద్ ఉన్నదో రెండు తావుల కనపడాలె. ఒకటి ఇంటి వరండల, ఇంకోటి బోరు కాడ స్టార్టర్ డబ్బా పక్కన. రెండు తావులల్ల కరెంటు వైరు గుంజుడు వద్దు, సెల్లు మీదనే నడవాలె, ఏడాదికి ఒక్కసారి మించి సెల్లు మార్చుడు ఉండొద్దు. వరండల అంకెలు పెద్దగ ఉండాలె, నాయిన 8 అడుగుల దూరం నుంచి అద్దాలు లేకుంట చదవాలె. మాటలు తెలుగుల రావాలె. మట్టం కొలిచి పంపే ఈఎస్పీ32 (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ చిప్పు) పెట్టె సంపు కాడ ఉన్నది, దానికి కరెంటు ఉన్నది. రెండు తావులకు 4.2 అంగుళాల ఈ-పేపర్ (కాగితం లెక్క కనపడే, బొమ్మ మార్చినప్పుడే కరెంటు తినే తెర) తీసుకుందామనుకుంటున్న. ఎట్లుంటది?

మూసీ_సర్క్యూట్, సూర్యాపేట

రెండు చోట్లకూ ఒకటే తెర కొనకండి. వరండాకు ఈ-పేపర్ సరైనదే. బోరు దగ్గర ఎండలో అది నిలవదు.

మామూలుగా దొరికే 4.2 అంగుళాల ఈ-పేపర్ ప్యానెళ్లకు డేటాషీట్ ఒప్పుకునే వేడి 0 నుంచి 50 డిగ్రీలు. మే నెలలో మన దగ్గర నీడలోనే 44 దాటుతుంది. ఎండ తగిలే మూసిన ప్లాస్టిక్ డబ్బా లోపల 60 దాకా పోతుంది. ఆ వేడిలో తెర ఒక్కసారే చచ్చిపోదు. మార్చిన ప్రతిసారీ నలుపు బూడిద రంగుకు దిగుతుంది, పాత అంకె నీడ మిగులుతుంది, పోనుపోను అది చెరగదు.

వేడితో సంబంధం లేని గొడవ ఇంకోటి ఉంది. నేరుగా ఎండ పడుతున్నప్పుడు రిఫ్రెష్ చేస్తే (బొమ్మ మారిస్తే) గాజు మీది సన్న ట్రాన్సిస్టర్లు వెలుతురుకు లీక్ అవుతాయి. పిక్సెల్‌కు అందాల్సిన వోల్టేజీ అందదు, బొమ్మ వెలిసిపోయినట్టు వస్తుంది. ప్యానెల్ పాడైందని చాలామంది పక్కన పడేస్తారు. నీడలోకి తెచ్చి మళ్లీ రిఫ్రెష్ చేస్తే మామూలుగానే వస్తుంది.

వరండా లెక్క: 4.2 ప్యానెల్‌లో బొమ్మ పడే జాగా 84.8 × 63.6 మిల్లీమీటర్లు, 400 × 300 చుక్కలు. అంటే ఒక చుక్క 0.212 మిల్లీమీటర్లు. 8 అడుగులంటే దాదాపు 2.4 మీటర్లు. పెద్దవాళ్ల కంటికి దూరాన్ని 100తో భాగించి అంకె ఎత్తు పెట్టుకోండి: 24, 25 మిల్లీమీటర్లు. అది 118 చుక్కలు. పైన అంకె, కింద రెండు వరసల తెలుగు మాట పడుతుంది. 4.2 చాలు, 7.5 అంగుళాలది అక్కర్లేదు. రంగుల తెర అసలు వద్దు. ఎరుపు ఉన్న మూడు రంగుల ప్యానెల్ ఒక్కసారి మారడానికి 15 సెకన్లు పడుతుంది, నలుపు తెలుపుది 4 సెకన్లే.

పాలమూరు_పిన్, జడ్చర్ల

బోరు కాడికి షార్ప్ మెమరీ ఎల్‌సీడీ పెట్టుండ్రి. 2.7 అంగుళాలది, ఎల్ఎస్027బీ7డీహెచ్01. 400 × 240 చుక్కలు, -20 నుంచి 70 డిగ్రీల దాకా పని చేస్తది. ఎండ ఎంత ఎక్కువుంటే అంత మంచిగ కనపడతది, వెనక లైటు లేదు. బొమ్మ కదలకుంట ఉన్నప్పుడు తినేది 50 మైక్రో వాట్లు, సెకనుకు ఒకసారి మార్చినా 175 లోపే.

కాని రెండు షరతులున్నయి. ఒకటి, దీనికి 5 వోల్టులు కావాలె. 3.2 వోల్టుల సెల్లు నుంచి పెంచే చిప్పు ఉత్తగనే కరెంటు తాగేదైతే లాభం మొత్తం పోతది. టీపీఎస్61222 లాంటిది వాడుండ్రి, అది తనకోసం 5 మైక్రో ఆంపియర్ల చుట్టే తింటది. సిగ్నల్ పిన్నులకు 3 వోల్టులు సరిపోతయి, పవర్‌కే 5.

రెండోది, వీకామ్. ఈ తెరకు ధ్రువాలను ఆగకుంట అటూ ఇటూ తిప్పుతుండాలె, కనీసం సెకనుకు ఒకసారి. తిప్పకుంటే ఎల్‌సీడీ ద్రవంల ఒక్క దిక్కు వోల్టేజీ కూర్చుంటది, బొమ్మ మరక లెక్క శాశ్వతంగ దిగుతది. ఈఎస్పీ32 డీప్ స్లీప్‌ల ఉన్నప్పుడు ఆ పని ఎవరు చెయ్యాలె? పీసీఎఫ్8563 గడియారం చిప్పుకు చెప్పుండ్రి. దాని క్లాక్ అవుట్ పిన్నును 1 హెర్ట్జ్‌కు పెట్టి తెర మీది ఎక్స్‌ట్‌కామిన్ పిన్నుకు (ధ్రువాలు తిప్పే సిగ్నల్ తీసుకునేది) కలపాలె. ఆ పిన్ను ఓపెన్ డ్రెయిన్ (కిందికి గుంజుతది, పైకి ఎత్తదు), 1 మెగా ఓమ్ పుల్-అప్ (పైకి ఎత్తే రెసిస్టర్) తప్పకుంట పెట్టాలె. తెర మీది ఎక్స్‌ట్‌మోడ్ పిన్నును పవర్‌కు కట్టుండ్రి, లేకుంటే తెర ఆ సిగ్నల్‌ను పట్టించుకోదు.

ఇంకో ముచ్చట: ఈ తెర చిప్ సెలెక్ట్ పైకి పోతే పని చేస్తది, మిగతా ఎస్‌పీఐ చిప్పులకు ఉల్టా. డేటా కూడ చిన్న బిట్టు ముందు పోవాలె. వేరే తెర కోడ్ తెచ్చి పెడితే ఏమీ రాదు.

కనగల్_కెపాసిటర్

బోరు దగ్గర తెలుగు మాటలు ఎందుకన్నా? అక్కడ నిలబడే మనిషికి మట్టం అంకె ఒక్కటి చాలు, మోటరు చప్పుడు చెవికే వినపడుతుంది. హెచ్‌టీ1621 చిప్పుతో వచ్చే 6 అంకెల సెగ్మెంట్ ఎల్‌సీడీ మాడ్యూల్ చాలా అగ్గువ, మూడు వైర్లతో నడుస్తుంది. లైటు పిన్ను వదిలేస్తే అయిపోతుంది. 5 వోల్టులు పెంచే చిప్పు లేదు, గడియారం చిప్పు లేదు. ధ్రువాలు తిప్పే పని హెచ్‌టీ1621 తనే చూసుకుంటుంది.

పాలమూరు_పిన్, జడ్చర్ల

పని తక్కువనేది నిజమే తమ్మీ. కరెంటు లెక్క చూడు. హెచ్‌టీ1621 లోపలి ఆర్‌సీ ఆసిలేటర్ మీద నడిస్తే 3 వోల్టుల దగ్గర 150 మైక్రో ఆంపియర్లు తింటది. రోజుకు 3.6 మిల్లీ ఆంపియర్ గంటలు. మెమరీ ఎల్‌సీడీ, దాని బూస్టర్, గడియారం అన్నీ కలిపి 25, 30 మైక్రో ఆంపియర్లు, రోజుకు 0.7. చూడనీకి సాదా తెర, తినుడు ఐదింతలు.

మూసీ_సర్క్యూట్, సూర్యాపేట

లెక్క సరే, కాని కనగల్ తమ్ముడి మాట కొట్టిపారేయొద్దు. సెల్లు పెద్దది పెడితే సరిపోతుంది. 32700 సైజు లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లు 6000 మిల్లీ ఆంపియర్ గంటలది. అందులో 80 శాతం వాడుకున్నా 4800. రోజుకు 3.6 తెరకు, ఒకటో ఒకటిన్నరో రేడియోకు పోయినా రెండేళ్లు దాటుతుంది. బోరు దగ్గర డబ్బాలో జాగాకు కొదవ లేదు.

నేను చూసేది వేడి గ్రేడు. సెగ్మెంట్ ఎల్‌సీడీల్లో 0 నుంచి 50 రకం, -20 నుంచి 70 రకం రెండూ దొరుకుతాయి, బయటికి ఒకేలా ఉంటాయి. మొదటి రకం 60 దాటాక గాజు మొత్తం నల్లబడుతుంది, చల్లబడ్డాక తిరిగి వస్తుంది. మధ్యాహ్నం నీళ్లు పెట్టే వేళకే చదవలేని తెర ఎందుకు? అమ్మేవాళ్లు గ్రేడు రాసి ఇస్తేనే కొనండి. రాసి ఇవ్వకపోతే మెమరీ ఎల్‌సీడీకే పోండి. దాని డేటాషీట్‌లో 70 అని స్పష్టంగా ఉంది.

డిండి_గట్టు, దేవరకొండ

తెర గురించి ఇంత మాట్లాడుతున్నారు గాని, సెల్లును ఖాళీ చేసేది తెర కాదు. వరండా పెట్టెకు లెక్క వేస్తున్నాను, అరగంటకోసారి మేల్కొంటే రోజుకు 48 సార్లు.

ప్యానెల్ రిఫ్రెష్: 8 మిల్లీ ఆంపియర్లు 4 సెకన్లు. రోజుకు 0.43 మిల్లీ ఆంపియర్ గంటలు.
నిద్ర: పెట్టె మొత్తం 15 మైక్రో ఆంపియర్లు. రోజుకు 0.36.
వైఫై రౌటర్‌కు కలిసి డేటా తెచ్చుకోవడం: సగటున 120 మిల్లీ ఆంపియర్లు 5 సెకన్లు. రోజుకు 8.
రిఫ్రెష్ అయ్యేదాకా ఈఎస్పీ32 ఊరికే కాచుకోవడం: 40 మిల్లీ ఆంపియర్లు 4 సెకన్లు. రోజుకు 2.1.

మొత్తం 11 దాకా. 1500 మిల్లీ ఆంపియర్ గంటల సెల్లులో 1200 వాడుకుంటే మూడున్నర నెలలు. ఏడాది రాదు.

ఇందులో రెండు వరసలు తీసేయొచ్చు. వైఫై బదులు ఈఎస్పీ-నౌ (రౌటర్ లేకుండా రెండు ఈఎస్పీ32లు నేరుగా మాట్లాడుకునే పద్ధతి) వాడండి. వరండా పెట్టె లేచి ‘లెక్క చెప్పు’ అని ఒక ప్యాకెట్ పంపుతుంది, కరెంటు మీద ఎప్పుడూ మేల్కొని ఉండే సంపు పెట్టె జవాబిస్తుంది. లేచి, అడిగి, విని, రేడియో ఆపడం 0.3 సెకనులో అయిపోతుంది. రోజుకు 8 పోయేది 0.5 లోపుకు దిగుతుంది.

కాచుకునే వరసకు: జిఎక్స్‌ఈపీడీ2 అనే ఈ-పేపర్ నడిపే లైబ్రరీలో బిజీ కాల్‌బ్యాక్ (తెర పనిలో ఉన్నంతసేపు మన కోడ్‌ను పిలిచేది) ఉంది. అందులో ఈఎస్పీ32ను లైట్ స్లీప్‌కు పంపి, బిజీ పిన్ను మారగానే లేపండి. 40 మిల్లీ ఆంపియర్లు 1కి వస్తాయి. రేడియోను రిఫ్రెష్ కంటే ముందే ఆపాలి, రెండూ ఒకేసారి నడిస్తే సెల్లు వోల్టేజీ పడి బోర్డు రీసెట్ అవుతుంది.

ఇప్పుడు మొత్తం రోజుకు 1.3 చుట్టూ. కాగితం మీద రెండున్నరేళ్లు. సెల్లు తనంతట తాను పోగొట్టుకునేది తీసేసినా ఏడాదిన్నర నమ్మకంగా అనుకోవచ్చు. సోలార్ ప్యానెల్ వద్దు, దానివల్ల ఛార్జరు, వైరు, ఇంకో చెడిపోయే చోటు పెరుగుతాయి.

పాత అంకెను ఈఎస్పీ32లో నిద్రలోనూ చెరగని ఆర్‌టీసీ మెమరీలో దాచి, మట్టం 2 సెంటీమీటర్ల కంటే తక్కువ మారితే రిఫ్రెష్ మానేయండి. కాని 24 గంటల్లో ఒక్కసారైనా పూర్తి రిఫ్రెష్ చేయాలి.

బత్తాయి_బాట, తిప్పర్తి

ఈఎస్పీ32 డెవ్ బోర్డు నా కాడ ఉన్నది. దానికే సెల్లు తగిలిస్తే కాదా? ఇంటికి సంపు 150 మీటర్లు, నడుమ బత్తాయి చెట్లు.

డిండి_గట్టు, దేవరకొండ

డెవ్ బోర్డు ప్రయోగానికి మంచిది, పెట్టెలోకి కాదు. దాని మీది ఏఎంఎస్1117 రెగ్యులేటర్ ఒక్కటే ఊరికే 5 మిల్లీ ఆంపియర్లు తింటుంది. యూఎస్‌బీ చిప్పు, ఎర్ర లైటు కలిపి 8 అనుకోండి. 1200ను 192తో భాగించండి, ఆరు రోజులు.

వట్టి ఈఎస్పీ32-వ్రూమ్-32ఈ మాడ్యూల్ తీసుకుని, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లును నేరుగా కట్టండి. ఆ సెల్లు 3.2 వోల్టుల దగ్గరే చాలాకాలం నిలబడుతుంది, మాడ్యూల్‌కు 3.0 నుంచి 3.6 కావాలి, రెగ్యులేటర్ అవసరమే లేదు. వేడికి కూడా మామూలు లిథియం అయాన్ కంటే ఇది ఓర్చుకుంటుంది. ఛార్జింగ్ బయట, ఫాస్ఫేట్ సెల్లుల ఛార్జర్‌లోనే. టీపీ4056 బోర్డు మీద పెట్టకండి, అది 4.2 వోల్టుల దాకా ఎక్కిస్తుంది. ఛార్జర్ నుంచి తీసిన సెల్లును ఓ పూట పక్కన పెట్టి, మీటర్‌తో 3.5 కింద ఉందని చూసుకుని పెట్టెలో వేయండి.

ఈఎన్ పిన్నుకు 10 కిలో ఓమ్ పుల్-అప్, 1 మైక్రో ఫారడ్ కెపాసిటర్. పవర్ పిన్ను దగ్గరే 470 మైక్రో ఫారడ్, దాని పక్కన 0.1. సెల్లు హోల్డర్ స్ప్రింగు సన్నగా ఉంటే రేడియో లేచినప్పుడు అక్కడే వోల్టేజీ పడుతుంది, ట్యాబ్ వెల్డ్ చేసిన సెల్లు మంచిది.

వైర్లు (ఈఎస్పీ32 జీపీఐఓ పిన్ను నంబర్లు): క్లాక్ 18, డేటా 23, చిప్ సెలెక్ట్ 5, డీసీ (డేటానా, కమాండా చెప్పేది) 17, రీసెట్ 16, బిజీ 4. జీపీఐఓ 12ను ముట్టుకోవద్దు. బోర్డు లేచేటప్పుడు ఆ పిన్ను పైకి ఉంటే ఫ్లాష్‌కు 1.8 వోల్టులు ఎంచుకుంటుంది, ఇక బూట్ కాదు. రీసెట్ వైరుకు 100 కిలో ఓమ్ పుల్-అప్ పెట్టండి. నిద్రలో ఆ పిన్ను గాలిలో వేలాడితే ప్యానెల్ తన నిద్రలోంచి లేస్తుంది.

రిఫ్రెష్ అయ్యాక హైబర్నేట్ (ప్యానెల్‌ను నిద్రపుచ్చే ఫంక్షన్) పిలవడం మరవద్దు. పిలవకపోతే ప్యానెల్ లోపల 15, 20 వోల్టులు అలాగే నిలిచి ఫిల్మును తింటాయి.

దూరం: 150 మీటర్లు ఎదురుగా ఖాళీ ఉంటే ఈఎస్పీ-నౌ అందుతుంది. పచ్చని చెట్ల గుండా అనుమానమే, ఆకుల నీరు 2.4 గిగాహెర్ట్జ్‌ను మింగేస్తుంది. సంపు పెట్టె యాంటెన్నాను చెట్ల కొసల కంటే పైకి, జీఐ పైపు మీద ఎత్తండి. అప్పటికీ అందకపోతే రెండు వైపులా ఆర్ఎఫ్ఎం95 లోరా (తక్కువ కరెంటుతో దూరం పోయే రేడియో) మాడ్యూల్. మన దేశంలో లైసెన్సు లేకుండా 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ వాడుకోవచ్చు, కోడ్‌లో ఫ్రీక్వెన్సీ అక్కడికి మార్చండి. 915 పెట్టిన ఉదాహరణ కోడ్‌ను అలాగే ఎక్కించకండి.

వనపర్తి_వైర్

ఈఎస్పీ-నౌలో అందరినీ ఏడిపించేది ఛానల్. సంపు పెట్టె రౌటర్‌కు కూడా కలిసి ఉంటే, అది రౌటర్ ఏ ఛానల్‌లో ఉంటే అందులోనే ఉంటుంది. కరెంటు పోయి వచ్చాక రౌటర్ ఛానల్ మార్చుకుంటుంది, వరండా పెట్టె పాత ఛానల్‌లో అడుగుతూ ఉంటుంది, జవాబు రాదు. రౌటర్‌లో ఛానల్‌ను 1 గానో 6 గానో గట్టిగా కట్టేయండి.

జవాబు రానప్పుడు పాత అంకెను అలాగే ఉంచకండి. ఈ-పేపర్ సెల్లు తీసేసినా బొమ్మ నిలుపుకుంటుంది. నిన్నటి మట్టం ఈ రోజుదనుకుని మోటరు వదిలేస్తారు. వరసగా మూడుసార్లు జవాబు రాకపోతే అంకె తీసి ‘కబురు అందలేదు’ అని వేయాలి. తెర మూలన చివరిసారి మారిన టైము చిన్నగా రాయండి.

సంపు పొంగిపోకుండా ఆపే పని ఈ తెరకు అప్పగించొద్దు. అరగంటకోసారి మారే తెర హెచ్చరిక కాదు. బజర్ సంపు పెట్టెకే పెట్టండి.

హాలియా_అచ్చు

తెలుగు సంగతి ఎవరూ ఎత్తలేదు. అడాఫ్రూట్ జీఎఫ్ఎక్స్ లాంటి లైబ్రరీలు ఒక కోడుకు ఒక బొమ్మ వేసి పక్కకు జరుగుతాయి. గుణింతం పైన కూర్చోవాలి, వత్తు కింద చేరాలి అన్న సంగతి వాటికి తెలియదు. ‘నడుస్తున్నది’ అని పంపితే ముక్కలు ముక్కలుగా వస్తుంది. కాబట్టి మాటలను కంప్యూటర్‌లోనే బొమ్మలుగా చేసి కోడ్‌లో పెట్టాలి. మీకు కావాల్సినవి పదికి మించవు: సంపు నిండింది, సగం ఉంది, అడుగంటింది, మోటరు నడుస్తున్నది, మోటరు బంద్, సెల్లు మార్చాలె, కబురు అందలేదు. అంకెలు మాత్రం మామూలు ఫాంటుతో.

బొమ్మ చేయడానికి ఇమేజ్‌మ్యాజిక్‌లో పాంగో దారి వాడండి, అది వత్తులను సరిగ్గా కూర్చుతుంది. పైథాన్ పిల్లో వాడితే దానికి రాక్మ్ అనే లైబ్రరీ తోడుండాలి, లేకపోతే అక్కడ కూడా వత్తులు విరుగుతాయి. ఫాంటు లావుది కావాలి: రామభద్ర, లేదా నోటో సాన్స్ తెలుగు బోల్డ్. సన్న ఫాంటును నలుపు తెలుపుకు దించినప్పుడు తలకట్టు చుక్కలు చుక్కలుగా తెగిపోతుంది. ‘ప’ కడుపు పూడిపోతే ‘ష’ అనిపిస్తుంది, ‘మ’కు ‘వు’కు తేడా పోతుంది. 36 చుక్కల సైజు కంటే కిందికి రావద్దు. వరస ఎత్తు 60 ఇవ్వండి, ‘స్తు’, ‘న్న’ల వత్తులు కింద కత్తిరించుకుపోకుండా.

మాటను ఎక్స్‌బీఎమ్‌గా (నలుపు తెలుపు బొమ్మను కోడ్‌గా రాసే పద్ధతి) దాచాక డ్రాఎక్స్‌బిట్‌మ్యాప్‌తోనే గీయాలి. మామూలు డ్రాబిట్‌మ్యాప్‌తో గీస్తే మాట దాదాపు మాటలాగే కనిపిస్తుంది, కాని ప్రతి 8 చుక్కల ముక్క అద్దంలో చూసినట్టు తిరగబడి, అక్షరాల అంచులు రంపపు పళ్లలా వస్తాయి. ఫాంటు చెడిందని దాని వెంట పడొద్దు. బిట్ల వరస తిరగబడింది, అంతే. 240 చుక్కల వెడల్పు, 60 ఎత్తు ఉన్న మాట 1800 బైట్లు. పది మాటలు 18 కేబీ, ఫ్లాష్ 4 ఎంబీ. జాగాకు భయం లేదు.

బత్తాయి_బాట, తిప్పర్తి

మస్తు సాయం చేసిండ్రు. డెవ్ బోర్డు మీద ప్యానెల్ తగిలించి ఉదాహరణ కోడ్ ఎక్కిస్తే సీరియల్ మానిటర్‌ల ‘బిజీ టైమౌట్’ అని వస్తున్నది, తెర కదలలే. వరండల పడమటి ఎండ సాయంత్రం గోడ మీద పడతది, దానికేమన్న చెయ్యాల్నా?

మూసీ_సర్క్యూట్, సూర్యాపేట

ప్యానెల్ వెనక స్టిక్కర్, ఫ్లెక్స్ (ప్యానెల్ నుంచి వచ్చే సన్న పట్టీ వైరు) మీది అచ్చు చూడండి. 4.2లో పాత రకానికి యూసీ8176, కొత్త రకానికి ఎస్ఎస్‌డీ1683 డ్రైవరు చిప్పు. రెండిటికీ బిజీ పిన్ను ఎదురెదురు: ఎస్ఎస్‌డీ పని చేస్తున్నప్పుడు పైకి పెడుతుంది, యూసీ కిందికి. కోడ్‌లో తప్పు రకం ఎంచుకుంటే అది ఎప్పటికీ కాచుకుంటూ ఉంటుంది. జిఎక్స్‌ఈపీడీ2లో మీ చిప్పుకు సరిపడే క్లాసు వరస తెరిచి మిగతావి మూసేయండి.

రకం సరిగ్గా ఉన్నా అదే వస్తే ఫ్లెక్స్ కనెక్టర్. 24 పిన్నులు, అర మిల్లీమీటరు దూరం. బంగారు పూత ఉన్న వైపు కనెక్టర్ లోపలి కాంటాక్టుల వైపే ఉండాలి, నల్లటి తాళం రెండు కొసలా సమంగా దిగాలి. ఫ్లెక్స్‌ను గాజు అంచు దగ్గర మడత పెట్టొద్దు. అక్కడ గీత పడితే ఒక నిలువు చార పూర్తిగా పోతుంది, దానికి మందు లేదు.

పడమటి ఎండ పడే గోడ వదిలేసి పక్క గోడకు కొట్టండి. ఏ మసక అద్దమూ ఆ పని చేయదు.

పాలమూరు_పిన్, జడ్చర్ల

బోరు కాడి డబ్బా గురించి. స్టార్టర్ డబ్బా లోపల మాత్రం పెట్టొద్దు, అక్కడ 415 వోల్టులున్నయి. వేరే ఐపీ65 (దుమ్ము, నీళ్లు దూరని) డబ్బా, ఉత్తరం దిక్కు మొఖం, పైన ఒక అంగుళం సందు ఇచ్చి తెల్ల రంగేసిన రేకు. ఆ సందుల గాలి ఆడితేనే డబ్బా చల్లగుంటది, రేకును డబ్బాకు అంటించి కొడితే వేడి నేరుగ దిగుతది. కిటికీకి 3 మిల్లీమీటర్ల పాలికార్బొనేట్, తెరకు అంటకుంట 5 మిల్లీమీటర్ల ఎడం. వైరు దూరేది కింద నుంచి మాత్రమే.

వనపర్తి_వైర్

డబ్బా మూసేముందు నిద్ర కరెంటు కొలవండి. డీటీ830 లాంటి మామూలు మీటర్‌ను ఆంపియర్ల మీద పెట్టి వరసలో కడితే, బోర్డు లేవగానే మీటర్ లోపలే వోల్టేజీ పడి రీసెట్ అవుతుంది. 100 ఓమ్‌ల రెసిస్టర్‌ను సెల్లు ప్లస్ వైరులో వరసగా పెట్టి, దాని మీదుగా ఒక జంపర్ వేసి ఉంచండి. బోర్డు నిద్రపోయాక జంపర్ తీసి, మీటర్‌ను 200 మిల్లీ వోల్టుల మీద రెసిస్టర్ రెండు కొసలకు పెట్టండి. 1 మిల్లీ వోల్టు అంటే 10 మైక్రో ఆంపియర్లు. బోర్డు లేచే ముందే జంపర్ తిరిగి వేయాలి.

1.5 మిల్లీ వోల్టుల దగ్గర ఉంటే మూసేయొచ్చు. 5, 10 చూపిస్తే ముందు ప్యానెల్ నిద్రపోయిందో లేదో చూడండి. 50 పైన ఉంటే ప్యానెల్‌తో వచ్చిన అడాప్టర్ బోర్డు మీది లెవల్ షిఫ్టర్ (సిగ్నల్ వోల్టేజీ మార్చే చిప్పు) మీదకు అనుమానం పెట్టుకోండి. 3.3 వోల్టుల బోర్డుకు అది అవసరమే లేదు, ఆ చిప్పు లేని అడాప్టర్ వాడండి.

బత్తాయి_బాట, తిప్పర్తి

చిప్పు ఎస్ఎస్‌డీ1683 అని తేలింది, క్లాసు మార్చంగనే తెర కదిలింది. వరండకు ఇదే ప్యానెల్, వట్టి మాడ్యూల్, 1500 ఫాస్ఫేట్ సెల్లు. బోరు కాడికి మెమరీ ఎల్‌సీడీ, పీసీఎఫ్8563, బూస్టర్, 32700 సెల్లు. రెసిస్టర్లు, కెపాసిటర్లు, డబ్బాలు కోఠి గుజరాతీ గల్లీల తీసుకుంట.

డిండి_గట్టు, దేవరకొండ

పీసీఎఫ్8563కు 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ విడిగా తీసుకోవాలి, చిప్పులో ఉండదు. మాడ్యూల్‌గా కొంటే దాని మీది లైటును ఊడదీయండి.